దొరసామి గడి

రాత్రి రెండుంబావు.
గుడిపాల రోడ్డులో గుజ్జు ఫ్యాక్టరీ గేటు బయట
ముప్పై నాలుగు ట్రాక్టర్లు.
బెంగుళూరా కాయల మీద టార్పాలిన్లు,
టార్పాలిన్ల మీద మనుషులు.
కింద సొన కారతా ఉండాది.

కాటా రూములో నేనూ, ఈ లాప్‌టాపూ.
ఒక లోడు బరువు రాయమంటే
సగం లోడు దించినంతసేపు
నీలం చక్రం తిప్పతా కూర్చుంటాది ఇది.
అందుకే సాయంత్రం, ఆఫీసులో చెప్పకుండా,
పెన్ డ్రైవులో లినక్స్ తెచ్చి ఎక్కించినాను.
నలభై నిమిషాలు పట్టింది.
ఏ భాష, ఏ ఊరు, నీ పేరేంది
అన్నీ మర్యాదగా అడిగింది.
హేమాక్షి అని కొట్టినాను.
స్వాగతం హేమాక్షీ, అనింది.
ఈ కాంపౌండులో నన్ను
ఆ పేరుతో పిలిచిన మొదటి ప్రాణి అదే.

రీస్టార్ట్ చేస్తే
నల్ల తెర.
బూట్ చేయడానికి ఏ పరికరమూ లేదంట.

లేకపోవడమేంది?
ఇప్పుడే కదా నా చేతుల్తో లోపల పెట్టినాను.
జీడి లోపలే ఉండాది,
టెంక ఒప్పుకోదు.

ఎఫ్ టూ నొక్కినాను.
సెక్యూర్ బూట్ ఆపినాను.
వరసలో కొత్తదాన్ని పైకి జరిపి, సేవ్ చేసి,
మళ్ళీ పోయి చూస్తే
వరస పాతదే.
నేను జరిపిన పేరు యాడా లేదు,
వాకిలి ఊడ్చినట్టు ఊడ్చేసింది.
మూడుసార్లు జరిపినాను. మూడుసార్లూ ఊడ్చింది.

కిటికీలో ఒక తల.
బంగారుపాళ్యం ఆయన, రెండు రాత్రులుగా వరసలో ఉన్నోడు.
"ఏమ్మా, కాయ కుళ్ళినాక తూస్తారా?"
కాగితం మీద రాసిచ్చి పంపినాను.

తిరుపతిలో రిపేరు షాపు నజీరుకి ఫోన్ చేస్తే
ఆవలింతల మధ్య చెప్పినాడు.
"ఆ బోర్డులింతే అక్కా.
లోపల ఎంత మంచిది పెట్టినా చూడవు.
వాటికి తెలిసింది ఒకటే దారి, ఒకటే ఫోల్డరు,
ఒకటే పేరు.
నీదాన్ని ఆ పాత పేరుతో, ఆ పాత చోట పెట్టు."
"దొంగతనంగా పోయినట్టు కాదా?"
"పేరొకటే వాళ్ళది. నడిచేది నీదేలే."

నాకు నవ్వొచ్చింది.

గేటు కాడ చెంగల్రాయులు.
ఇరవై రెండేండ్లుగా అదే కుర్చీ, అదే టార్చి.
మార్చిలో నేను చేరిన రోజు
రిజిస్టరంతా తిప్పి, నీ పేరు లేదు పొమ్మన్నాడు.
ఆర్డరు కాగితమిస్తే
ముందూ వెనకా టార్చేసి చూసి తిరిగిచ్చినాడు.
కాటా గుమాస్తా అంటే దొరసామి.
గడిలో అట్లే అచ్చయి ఉండాది.
దొరసామికి పక్షవాతమొచ్చి
పోయినేడే మంచాన పడినాడంటే
గడ్డం గోక్కుని, చాలాసేపు గోక్కుని,
"అయితే దొరసామి గడిలో పెట్టు సంతకం" అన్నాడు.
పెట్టినాను.
మూడు నెలలుగా పెడతానే ఉండాను.
ఆయనమీద కోపం చేసుకోవాలని ఒకటి రెండుసార్లు చూసినాను.
రాత్రిపూట ఎవుర్ని నమ్మాలో
ఒకప్పుడెవురో రాసిచ్చినారు ఆయనకి.
దిద్దేదానికి మళ్ళీ ఎవురూ రాలేదు.

పెన్ డ్రైవుతోనే లేపి,
ఆ ఇరుకు ఫోల్డరు తెరిచి,
నా ఫైలుకి పాత పేరు పెట్టినాను.
సొన జిగురుకి
ఎంటర్ మీద వేలు అతుక్కునింది.

నలుపు.
కంపెనీ బొమ్మ.
ఇంగా నలుపు.
ఊపిరి పట్టుకున్నానని నాకు తెలీలేదు.

హేమాక్షీ, పాస్‌వర్డ్?

నాలుగూ నలభైకి కాటా తీగ తగిలిస్తే
తెర మీద అంకె నిలబడింది:
నాలుగు వేల మూడు వందల ఇరవై కేజీలు.
ఆశ తీరక ఎఫ్ టూ నొక్కి చూసినాను తర్వాత.
వరసలో ఇంగా పాత పేరే.
ఉండనీ అని మూసేసినాను.

చెంగల్రాయులు టార్చి ఆర్పి
కిటికీలో టీ గ్లాసు పెట్టినాడు.
"దొరసామీ, తెల్లారిపోయింది.
ఇంగా ముప్పై ఉండాయి."

"పంపన్నా," అన్నాను.